ఆడపిల్లకు షెడ్డులో ఏం పని?

ఆడపిల్ల స్కూటీ నడిపితే వింతగా చూసే రోజులు పోయాయి. కానీ అదే పిల్ల చేతిలో స్పానర్ కనిపిస్తే ఇంట్లోవాళ్ళ మొహాలు ఇప్పటికీ మాడిపోతాయి. చార్మినార్ దగ్గర మా గల్లీలో ఈమధ్య జరిగింది ఇదే.

మా ఎదురింటి అమ్మాయి ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. కాలేజీలో కొందరు పిల్లలు కలిసి కరెంటుతో నడిచే రేసు మోటారు సైకిలు తయారు చేస్తున్నారు. అందులో బ్యాటరీ పని ఈ అమ్మాయిది.

"రాత్రి ఎనిమిదింటిదాంక మగపిల్లల నడుమ షెడ్డుల ఏం పని అక్కా? ఇంజనీరు కావాలె గానీ మెకానిక్కు కావాలెనా?" అని వాళ్ళమ్మ నా దగ్గర వాపోయింది.

ఆ పిల్లనే అడిగాను. "చిన్నచిన్న సెల్స్ బోలెడు కలిపి ప్యాక్ చేస్తాం ఆంటీ. వరసలో ఒక్కటి బలహీనంగా ఉన్నా మొత్తం బండి దాంతోనే ఆగిపోతుంది. రేసులో ఒక్కసారిగా కరెంటు లాగితే వేడెక్కుతుంది. మరీ వేడెక్కితే అంటుకోవచ్చు కూడా. అందుకే ఒక్కోటీ మీటరు పెట్టి చూస్తాను" అంది.

ఇది పిల్లలాట కాదండీ. బ్రిటన్ పక్కనున్న ఐల్ ఆఫ్ మాన్ దీవిలో ఎలక్ట్రిక్ బళ్ళ పందెం 2009లో మొదలై 2019 దాకా సాగింది. అరవై కిలోమీటర్ల కొండదారి, ఒక్కటే చుట్టు. 2011లో మూడో స్థానం ఇంగ్లండులోని కింగ్‌స్టన్ యూనివర్సిటీది, నాలుగోది అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యార్థులది. కింగ్‌స్టన్ బండి సగటు వేగం గంటకు సుమారు 142 కిలోమీటర్లు! మన హుస్సేన్‌సాగర్ ఒడ్డున కూడా 2023 ఫిబ్రవరి 11న ఫార్ములా-ఈ ఎలక్ట్రిక్ కార్ల రేసు జరిగింది. దేశంలో అదే మొదటిది.

మా లాడ్‌బజార్ సంగతే చూడండి. 2024లో జి.ఐ. గుర్తింపు వచ్చిన ఆ లక్క గాజుల మీద వేడి లక్కలో రాళ్ళు అద్దేవాళ్ళలో ఆడవాళ్ళెందరో! ఆ చేతులకు సోల్డరింగ్ రాదంటామా?

ఓ శనివారం వాళ్ళమ్మను వెంటబెట్టుకుని కాలేజీకి వెళ్ళాను. బ్యాటరీ విప్పబోతున్నారు. మన పిల్ల రబ్బరు గ్లౌజులు తొడుక్కుని, "ఉంగరాలు, కడియాలు తీస్తేనే దగ్గరకు రండి" అంది. మగపిల్లలు కిక్కురుమనకుండా తీసి పక్కన పెట్టారు. "మా పిల్ల మాట అందరు వింటున్నరక్కా!" అంది ఆ తల్లి మెల్లగా.

ఒప్పుకుంది. కానీ ఓ చిక్కు మిగిలింది. కాలేజీ బస్సు నాలుగున్నరకే వెళ్ళిపోతుంది. ఆ తర్వాత షెడ్డులో నేర్చుకునేది మగపిల్లలే. ప్రస్తుతానికి అన్నయ్య వెళ్ళి తీసుకొస్తున్నాడు. అన్నయ్య లేని పిల్ల మాటేమిటి? కాలేజీలవాళ్ళు రాత్రి ఎనిమిదింటికి ఇంకో బస్సు వేస్తే ఎంతమంది అమ్మాయిలు షెడ్డులో నిలుస్తారో! తల్లులారా, ఈసారి పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల గురించే కాకుండా ఈ బస్సు గురించి కూడా అడగండి.