బాబు బొద్దుగా ఉంటే సంతోషమేనా? మా అక్క, అంగన్‌వాడీ, ఒక గ్రోత్ చార్ట్

ఈరోజు టాపిక్ ఫోన్లు కాదు, కోడింగ్ కాదు. మా అక్క కొడుకు బరువు. నవ్వకండి, సీరియస్ మ్యాటరే.

వాడికి నాలుగేళ్లు. అంగన్‌వాడీలో ఎత్తు, బరువు చూసి, టీచరమ్మ నలుగురు తల్లుల ముందే "ఏమ్మా, వీడికేం పెడుతున్నవ్? ఎత్తుకు మించి బరువున్నడు" అనేసిందట. అక్క ఇంటికొచ్చి "ఇంక నేను అక్కడికి పోను" అని కూర్చుంది. వాళ్ల అత్తమ్మ అయితే "పిల్లగానికి దిష్టి తగిలింది" అని ఉప్పూ ఎండుమిర్చీ తిప్పి పడేసింది.

అసలు లెక్క ఏంటో చెప్తా. బరువొక్కటే చూడరు. డబ్ల్యూహెచ్ఓ మన దేశంతో సహా ఆరు దేశాల ఆరోగ్యమైన పిల్లల్ని కొలిచి చార్ట్ తయారుచేసింది. ఐదేళ్లలోపు పిల్లల్లో ఎత్తుకు తగ్గ బరువు మధ్య గీత నుంచి ప్లస్ 2 ఎస్‌డీ దాటితే అధిక బరువు, ప్లస్ 3 దాటితే ఊబకాయం. మైనస్ 2 కిందకి పోతే బక్కచిక్కినట్టు. 1975లో ఐసీడీఎస్ మొదలైనప్పుడు అందరి భయం ఆకలి. అందుకే మన తల్లులకు "బరువు తక్కువుంది" అన్న మాటే అలవాటు. "ఎక్కువుంది" అంటే తిట్టినట్టే వినిపిస్తుంది. దేశంలో అధిక బరువున్న చిన్నపిల్లలు 2015-16 సర్వేలో 2.1 శాతం, 2019-21 సర్వేలో 3.4. ఇప్పటికీ బక్కగా ఉన్నవాళ్లే చాలా ఎక్కువ, కానీ గీత రెండు వైపులా ఉంది కదా.

ఇంకో సంగతి. అక్క పొద్దున ఎనిమిదికి డ్యూటీకి పోతుంది. తినిపించేది అత్తమ్మ, చేతిలో ఫోన్ పెట్టి. పాలల్లో రెండు చెంచాల చక్కెర. సాయంత్రం తాతయ్య తెచ్చే చిప్స్ ప్యాకెట్. మాట పడింది మాత్రం అక్క!

నేనే బతిమాలి తల్లుల మీటింగ్‌కి ఈసారి అత్తమ్మనీ పంపించా. అక్కడ ఒకామె "మావోడు బిస్కెట్లు దిండు కింద దాస్తడు" అనగానే అందరూ నవ్వేశారట, ఆ తర్వాత ఒక్కొక్కరూ నోరు విప్పారు. పిల్లల్ని పస్తులుంచొద్దని, బరువు తగ్గించడం కాదు, పెరగడం నెమ్మదిస్తే ఎత్తు దాన్ని అందుకుంటుందని అప్పుడు అత్తమ్మకి అర్థమైంది.

ఇప్పుడు అన్నం తినేటప్పుడు ఫోన్ బంద్, పాలల్లో చక్కెర బంద్. తాతయ్యతో బేరం ఇంకా నడుస్తోంది. అక్క మళ్లీ అంగన్‌వాడీకి వెళ్తోంది, ఒక్క షరతు మీద: బరువు ఎంతొచ్చినా పక్కకి పిలిచి చెప్పాలి. టీచరమ్మ "సరేనమ్మా" అంది.