ఉద్యోగులే యజమానులు కావడం: సొమ్ము ఎక్కడి నుండి?

ఒక వ్యాపారి ముప్పై, నలభై ఏళ్ళు శ్రమపడి ఒక ముద్రణాలయమో, చిన్న కర్మాగారమో నిలబెడతాడు. వృద్ధాప్యం వస్తుంది. పిల్లలు వేరే వృత్తులలో స్థిరపడి వుంటారు. అప్పుడాయనకు సాధారణంగా రెండు మార్గాలే కనిపిస్తాయి. సంస్థను పోటీదారునికి అమ్మివేయడం, లేదా యంత్రాలను విడివిడిగా అమ్మి తలుపులు మూయడం. రెండింటిలోనూ ఎక్కువగా నష్టపోయేది ఆ సంస్థను తమ చేతులతో నడిపిన పనివారే. సంస్థను వారికే అమ్మడమన్న మూడవ మార్గం కూడా వున్నది. కాని నెల జీతంతో ఇల్లు గడుపుకునే మనిషి దగ్గర కర్మాగారం కొనేటంత ధనం ఎట్లా వుంటుంది? ఈ ప్రశ్న తేలనందువల్లనే ఆ మార్గం చాలాకాలం సదాశయంగానే మిగిలిపోయింది.

1956లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, పాలో ఆల్టో పట్టణపు పెనిన్సులా వార్తాపత్రికల సంస్థ విషయంలో లూయీ కెల్సో అనే న్యాయవాది దీనికి ఒక సమాధానం చూపాడు. యజమానులు వయసు మళ్ళినవారు. ఉద్యోగులకు కొనాలనే కోరిక వున్నది గాని నిల్వసొమ్ము లేదు. కెల్సో వాదన సులభమైనదే. ధనవంతుడు ఆస్తి కొనేటప్పుడు తన జేబులోని డబ్బుతోనే కొనడు. అప్పు తెచ్చి కొని, ఆ ఆస్తి ఇచ్చే ఆదాయంతోనే ఆ అప్పు తీరుస్తాడు. పనివారికి మాత్రం ఆ అవకాశం ఎందుకుండకూడదు? ఆయన పథకంలో ఉద్యోగుల పక్షాన ఒక ట్రస్టు ఏర్పడుతుంది. ట్రస్టు అప్పు తెచ్చి యజమాని వాటాలను కొంటుంది. సంస్థ ఏటా తన లాభాల నుండి ట్రస్టుకు కొంత మొత్తం ఇస్తుంది, దానితో అప్పు తీరుతుంది. తీరిన మేరకు వాటాలు ఉద్యోగుల ఖాతాలలో జమ అవుతాయి. ఉద్యోగి తన జీతం నుండి పైసా కట్టనవసరం లేదు. 1974లో అమెరికా పింఛను చట్టం ఈ పద్ధతికి చట్టబద్ధమైన స్థానమిచ్చింది. 1984 నాటి మరొక చట్టం, ఇట్లా అమ్మే యజమానికి కొన్ని షరతులతో పన్ను వాయిదా సౌకర్యం కల్పించింది.

ఇక్కడ ముస్లిం పాఠకునికి ఒక చిక్కు వెంటనే స్ఫురిస్తుంది. ఈ ఏర్పాటు మొత్తం బ్యాంకు వడ్డీ మీద నిలబడి వున్నది. ధర్మం మాట అట్లా వుంచి, లెక్క వేసి చూసినా ఆ వడ్డీ బరువు తక్కువది కాదు. ఉదాహరణకు సంస్థ వెల కోటి రూపాయలనీ, పన్నులు పోగా ఏటా మిగిలే లాభం 18 లక్షలనీ అనుకుందాం. కోటి రూపాయలను నూటికి 12 వడ్డీతో తెచ్చి పదేళ్ళలో సమాన వాయిదాలుగా తీర్చాలంటే, ఏటా సుమారు 17 లక్షల 70 వేలు కట్టవలసి వుంటుంది. మిగిలేది 30 వేలు! ఒక యంత్రం చెడిపోతే కొత్తది కొనేందుకు కూడా ఆ సొమ్ము చాలదు.

వడ్డీ లేకుండా ఇది సాధ్యమా అంటే, సాధ్యమే. దానికి ఒక ఉదాహరణ ముస్లింల నుండి కాక ఇంగ్లండు నుండి దొరకడం గమనించదగ్గది. లండన్ వర్తకుడు జాన్ స్పీడన్ లూయిస్ 1929లో తన దుకాణాల సంస్థను ఉద్యోగుల పక్షాన ట్రస్టుకు అప్పగించాడు. తనకు రావలసిన వెలను వడ్డీ లేని పత్రాల రూపంలో తీసుకున్నాడు. అది సంస్థ లాభాల నుండి దశాబ్దాల తరబడి తీరింది. షరీఅత్ పరిభాషలో చెప్పాలంటే ఇది వాయిదా మీద జరిగిన క్రయవిక్రయం.

ఫిఖహ్ పండితులలో అత్యధికులు, నగదు ధరకన్నా వాయిదా ధర కొంత ఎక్కువ వుండడాన్ని అనుమతించారు. అయితే ఒప్పందం కుదిరేనాడే ఒకే ధర తేలిపోవాలి. పై సంస్థనే యజమాని పదేళ్ళ వాయిదాపై కోటీ 20 లక్షలకు అమ్మాడనుకుందాం. ఏటా 12 లక్షలు ఆయనకు, 6 లక్షలు సంస్థకు. "పేరు మార్చిన వడ్డీయే కదా ఇది" అని కొందరు ఆక్షేపిస్తారు. వారి అనుమానం అర్థం చేసుకోదగినదే. కాని తేడా కష్టకాలంలో బయటపడుతుంది. వ్యాపారం మందగించి ఒక వాయిదా ఆలస్యమైతే వడ్డీ అప్పు పెరుగుతూ పోతుంది. అమ్మకపు ధర ఒక్క రూపాయి కూడా పెరగదు. ఇబ్బందిలో వున్న రుణగ్రస్తునికి వెసులుబాటు కలిగేదాకా గడువు ఇవ్వాలన్న అల్ బఖరా సూరా 280వ ఆయతు ఆదేశం ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

రెండవ పద్ధతి తరిగిపోయే భాగస్వామ్యం, అంటే ముషారకా ముతనాఖిసా. ఇందులో యజమానిగాని, పెట్టుబడి పెట్టే ఇస్లామీ బ్యాంకుగాని ట్రస్టుతో కలిసి భాగస్వామిగా వుంటారు. ట్రస్టు ఏటా కొంత భాగం కొంటూ పోతుంది. లాభం ఒప్పుకున్న నిష్పత్తిలోనూ, నష్టం పెట్టుబడి నిష్పత్తిలోనూ పంచుకుంటారు. నష్టం వచ్చిన ఏడు దాని భారమంతా పనివారిపై పడకపోవడం దీని సుగుణం.

కాని ఒక మెలిక వున్నది. భాగస్వామి వాటాను మొదటి ముఖవెలకే తిరిగి కొంటానని ముందే హామీ ఇస్తే, అతనికి నష్టభయమే వుండదు, అది భాగస్వామ్యం ముసుగు వేసుకున్న అప్పు అవుతుంది. అందుకే బహ్రెయిన్‌లోని ఇస్లామీ ఆర్థిక సంస్థల ప్రమాణాల మండలి, అయోఫీ, అటువంటి హామీని అంగీకరించలేదు. కొనేనాటి మార్కెట్ వెలకో, అప్పుడు కుదిరిన ధరకో కొనవలసిందే. దీని ఫలితం కొంత చేదుగా వుంటుంది. పనివారు కష్టపడి సంస్థ విలువను పెంచినకొద్దీ, మిగిలిన భాగాలకు వారే ఎక్కువ చెల్లించాలి.

వెల కట్టడంలోనే పనివారు ఎక్కువగా మోసపోతారు. అమ్మేవాడికి లెక్కలన్నీ తెలుసు, కొనేవారికి తెలియవు. ఇరుపక్షాలకూ సంబంధం లేని మదింపుదారు తప్పనిసరి. ఈ పనికి అయ్యే ఖర్చును చూసి వెనుకాడడం తెలివి కాదు.

చాలామంది మరచిపోయే రెండవ ఖర్చు కూడా వున్నది. అమెరికా పద్ధతిలో ఉద్యోగి విరమించినప్పుడు అతని ఖాతాలోని వాటాలకు సొమ్ము చెల్లించాలి. ఒకే ఏడు పదిమంది విరమిస్తే అప్పు తీర్చిన సంస్థ కూడా తలకిందులు కావచ్చు. బ్రిటన్ 2014లో ప్రవేశపెట్టిన ట్రస్టు పద్ధతిలో ఈ బెడద లేదు. వాటాలు ఎవరి పేరనా పడవు, అన్నీ ట్రస్టులోనే వుంటాయి, ఉద్యోగులకు లాభంలో బోనస్ అందుతుంది. బోనస్ కూడా హామీ కాదు. లూయిస్ స్థాపించిన ఆ సంస్థే 1953 తరువాత మొదటిసారిగా 2021లో బోనస్ ఇవ్వలేకపోయింది.

మన దేశంలో బొంబాయి కుర్లాలోని కమానీ ట్యూబ్స్ కార్మికులు, మూతపడిన తమ కర్మాగారాన్ని సహకార సంఘంగా తీసుకోవడానికి 1988లో సుప్రీంకోర్టు అనుమతి పొందారు. ఉత్పత్తి మళ్ళీ మొదలైంది. కాని ముడిసరుకు కొనే నిర్వహణ మూలధనం కొరత వారిని వెన్నాడింది, కొన్నేళ్ళకు సంస్థ తిరిగి కష్టాలలో పడింది. అందుచేత వాయిదా ధర నిర్ణయించేటప్పుడు అమ్మేవాడికి చేరే 12 లక్షలకన్నా, సంస్థలో నిలిచే ఆ 6 లక్షలనే ముందుగా చూడాలి. అది ఏటా నిలుస్తుందన్న షరతును, అప్పుల ఒప్పందాలను వ్రాసి సాక్షులను పెట్టమన్న అల్ బఖరా 282వ ఆయతు ప్రకారం, అమ్మకపు పత్రంలోనే వ్రాయించుకోవాలి.