పరిశీలన సమాచారం: ప్రవేశాధికార నిర్ణయం

ఒక వ్యవస్థ వెలుపలికి పంపే సంకేతాలను మాత్రమే ఆధారం చేసుకొని దాని అంతర్గత స్థితిని నిర్ధారించగలిగినప్పుడు, ఆ వ్యవస్థకు పరిశీలనీయత అనే గుణం ఉన్నదని అంటారు. 1960లో ఈ గుణానికి గణిత నిర్వచనం ఇచ్చిన రుడాల్ఫ్ కాల్మన్ నియంత్రణ శాస్త్రవేత్త. సాఫ్ట్‌వేర్ రంగం ఆ పదాన్ని చాలాకాలం తరువాత స్వీకరించి, ముఖ్యంగా మూడు విధాల సంకేతాలకు అన్వయించింది. మొదటిది లాగ్, అనగా ప్రతి సంఘటననూ కాలక్రమంలో నమోదు చేసే చిట్టా. రెండవది మెట్రిక్, అనగా నిమిషానికి వచ్చిన అభ్యర్థనలెన్ని, మెమొరీ ఎంత నిండింది అన్న విషయాలను సంఖ్యలో తెలిపే మాపనం. మూడవది ట్రేస్, అనగా ఒకే అభ్యర్థన పలు సర్వర్ల గుండా సాగిన మార్గపు జాడ. లాగ్ అన్న మాటకు అసలు అర్థం దుంగ; ఓడ వేగాన్ని కొలవడానికి నావికులు నీటిలో విడిచిన కొయ్యముక్క పేరు క్రమంగా ఆ కొలతలు రాసుకొనే పుస్తకానికీ, అక్కడినుండి కంప్యూటరు చిట్టాకూ సంక్రమించింది.

ఈ సమాచారం యంత్రాల ఆరోగ్యానికి సంబంధించినది మాత్రమేనని, కనుక సంస్థలో ఎవరు చూసినా నష్టం లేదని చాలాకాలం భావించారు. ఆ భావన ఎంత ప్రమాదకరమో 2018 మే నెలలో ట్విటర్ ఉదంతం నిరూపించింది. పాస్‌వర్డును తిరిగి విప్పరాని రూపంలోకి మార్చే ప్రక్రియ పూర్తికాకముందే, ఒక దోషం వల్ల అది యథాతథంగా అంతర్గత లాగ్‌లో నమోదవుతూ వచ్చింది. దురుపయోగం జరిగిన ఆనవాళ్లు లేవని చెబుతూనే, ఆ సంస్థ తన 33 కోట్ల మంది వినియోగదారులనూ పాస్‌వర్డు మార్చుకొమ్మని కోరవలసి వచ్చింది. మరుసటి ఏడాది ఫేస్‌బుక్ అంతర్గత వ్యవస్థల్లోనూ కోట్లాది పాస్‌వర్డులు చదవదగిన రూపంలో బయటపడ్డాయి. ఆ విషయమై 2024లో ఐర్లండ్ దత్తాంశ రక్షణ కమిషన్ ఫేస్‌బుక్ యజమాని అయిన మెటా సంస్థకు 9.1 కోట్ల యూరోల జరిమానా విధించింది. మూల భాండాగారానికి ఎన్ని తాళాలు వేసినా, అదే సమాచారపు నకలు చిట్టాలో తెరచి ఉంటే ఆ తాళాలు వ్యర్థమే. మెట్రిక్‌లలో వ్యక్తుల వివరాలు ఉండవు గనుక వాటిని అందరికీ తెరవవచ్చుననుకోవడం కూడా పొరపాటు. గంటకు ఎన్ని కొనుగోళ్లు జరుగుతున్నాయో చెప్పే ఒక్క రేఖాచిత్రం చాలు, సంస్థ వ్యాపార స్థితి తెలిసిపోవడానికి.

కనుక ప్రవేశాన్ని గుర్తింపుతో ముడిపెట్టాలి. ఇక్కడ రెండు పదాల భేదాన్ని పాఠకుడు శ్రద్ధగా గ్రహించాలి. వచ్చినవాడు తాను చెప్పుకొన్న వ్యక్తియేనా అని నిర్ధారించడం ప్రమాణీకరణ. నిర్ధారితుడైన ఆ వ్యక్తి ఏమి చూడవచ్చునో నిర్ణయించడం అధికృతి. మొదటిది ఎంత పటిష్ఠంగా ఉన్నా రెండవది లేని లోటును పూరించలేదు. 1975లో సాల్ట్‌జర్, ష్రోడర్ అనే శాస్త్రజ్ఞులు ప్రతిపాదించిన రక్షణ సూత్రాలలో రెండు ఈ సందర్భానికి ప్రాణప్రదాలు: పనికి అవసరమైనంత కనిష్ఠాధికారమే ఇవ్వాలన్నది ఒకటి, ప్రతి ప్రవేశ ప్రయత్నాన్నీ మినహాయింపు లేకుండా పరీక్షించాలన్నది మరొకటి. అధికారాన్ని వ్యక్తికి నేరుగా కాక అతడు నిర్వహించే పాత్రకు ఇవ్వాలన్న పద్ధతిని 1992లో ఫెరాయిలో, కున్ క్రమబద్ధం చేశారు. పాత్రతో పాటు సమాచారపు స్వభావం, సమయం, స్థలం వంటి లక్షణాలను కూడా లెక్కించే పద్ధతి ఆ తరువాత ప్రాచుర్యం పొందింది.

ఆచరణలో ఎక్కువమంది తప్పటడుగు వేసేది ప్రతి ప్రయత్నాన్నీ పరీక్షించాలన్న రెండవ సూత్రం దగ్గరే. ఈ సంకేతాలను చిత్రాలుగా చూపే గ్రఫానా అనే సాధనంలో ఒక డ్యాష్‌బోర్డును కొందరికే కనబడేటట్లు అమర్చి, దాని వెనకనున్న సమాచారం సురక్షితమైందని తృప్తిపడతారు. కానీ అదనపు అనుమతుల ఏర్పాటు లేనప్పుడు, ఆ సంస్థాఖాతాలో కేవలం వీక్షకుడి పాత్ర ఉన్నవాడు సైతం అక్కడి దత్తాంశ మూలాన్ని తనకు తోచిన ప్రశ్న అడగవచ్చు. కిటికీకి తెర వేశాం గాని గాదె తలుపు తీసే ఉంచామన్నమాట. లోకీ అనే లాగ్ భాండాగారంలో ఒక్కొక్క బృందపు చిట్టాను వేరుపరచే ఏర్పాటు ఉన్నది. అయితే అభ్యర్థన శీర్షికలో రాసిన బృందనామాన్ని అది నమ్ముతుందే తప్ప, రాసినవాడెవడో తానుగా విచారించదు. ఆ విచారణ చేయవలసినది దాని ముందు నిలిపే ప్రాక్సీ, అనగా మధ్యవర్తి సర్వరు. అందుచేత అధికృతి నిర్ణయం ప్రదర్శన స్థానంలో కాక, ప్రశ్నకు జవాబు పుట్టే స్థానంలో జరగాలి. వినియోగదారుడి గుర్తింపు నుండి బృందనామాన్ని ప్రాక్సీయే రాబట్టి శీర్షికలో రాయాలి. బయటినుండి వచ్చిన శీర్షికను నిర్దాక్షిణ్యంగా తుడిచివేయాలి.

సంస్థ ఉద్యోగుల జాబితాలోని బృందాలకే పాత్రలను అనుసంధానిస్తే, బదిలీ అయినవారి పాత అధికారాలను ప్రత్యేకంగా గుర్తుపెట్టుకొని తొలగించే పని తప్పుతుంది. మనుషుల కంటే ప్రోగ్రాముల పేరిట జారీ అయిన టోకెన్లే ఎక్కువ అశ్రద్ధకు గురవుతాయి. వాటికి గడువూ, జవాబుదారీగా ఒక వ్యక్తీ తప్పక ఉండాలి. మన దేశంలో ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లను 180 రోజులు భద్రపరచవలసి ఉన్నందున, పొరపాటున చేరిన రహస్యం కూడా అంతకాలం నిలిచే అవకాశం ఉన్నది. కాబట్టి రహస్యాంశాలను భాండాగారానికి చేరకముందే, సేకరణ దశలోనే తొలగించడం మేలు.

ఇక అర్ధరాత్రి సర్వర్లు నిలిచిపోయిన వేళ, కనిష్ఠాధికారం మరమ్మతుకు అడ్డుపడుతుందన్న ఆక్షేపణ ఒకటి ఉన్నది. అది సహేతుకమే. అటువంటి వేళ విధిలో ఉన్న ఇంజనీరు కారణం రాసి, గంటో రెండు గంటలో చెల్లే విస్తృతాధికారాన్ని తానే తీసుకొనే వీలుండాలి. ఆ వ్యవధిలో అతడు అడిగిన ప్రతి ప్రశ్నా, అతడు మార్చజాలని వేరొక చిట్టాలో నమోదు కావాలి. మరునాడు ఆ చిట్టాను అతడు కాక మరొకరు చదవాలి.