అండమాన్ కథల్లో దయ్యం ఎవరు?

ఫాంటసీ నవలల్లో, వీడియో గేముల్లో తరచుగా ఎదురయ్యే పాత్ర సక్యుబస్. అందగత్తె రూపంలో రాత్రిపూట వచ్చి, నిద్రపోతున్న మగవాడిని లోబరచుకుని ప్రాణశక్తిని పీల్చేసే ఆడ దయ్యం. మధ్యయుగపు ఐరోపాలో ఇది కాలక్షేపం కథ కాదు. 15వ శతాబ్దం చివర్లో మంత్రగత్తెల వేటకు మార్గదర్శిగా వచ్చిన 'మాలియస్ మలెఫికారమ్' గ్రంథం ఇలాంటి దయ్యాల గురించి నిజమైన శత్రువుల గురించి చర్చించినట్టే చర్చించింది. 1977లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట కోసం వచ్చిన భూతాల పుస్తకంలో సక్యుబస్‌కు చోటు దొరికింది. అక్కడి నుంచి ఆటల్లో, నవలల్లో దానికి కొదవ లేదు.

మనకూ ఇది మరీ కొత్త సంగతేం కాదు. కామినీ పిశాచులు, మోహినులు ఉండనే ఉన్నారు. పెద్దన మనుచరిత్రలో ప్రవరుడు కాదని వెళ్లిపోయాక, ఒక గంధర్వుడు ప్రవరుడి రూపం వేసుకుని వరూధినిని చేరతాడు. ఐరోపాలో అయితే అతన్ని ఇంకుబస్ అని, అంటే మగ దయ్యమని అనేవారేమో. మన కావ్యంలో మాత్రం ఆ మోసం నుంచి స్వరోచి పుడతాడు, స్వరోచికి ఒక మనువే పుడతాడు!

ఈ కథలన్నిటిలోనూ రూపం మారడం అంటే వేషం వేయడమే. లోపల ఉన్నది వేరు, పైకి కనిపించేది వేరు. భయమంతా ఆ తేడాలోనే ఉంది. గ్రేట్ అండమానీల కథల్లో ఈ తేడా ఉండదు. అక్కడ మనిషి పక్షి అయ్యాడంటే అయ్యాడు, అంతే. మళ్లీ మనిషి కాడు. చుట్టరికం మాత్రం తెగదు.

1906-08 మధ్య అండమాన్‌లో పరిశోధన చేసిన రాడ్‌క్లిఫ్-బ్రౌన్ 1922లో వెలువరించిన పుస్తకంలో ఇలాంటి కథలు చాలా ఉన్నాయి. ఈశాన్య గాలులకు అధిదేవత బిలికు. ఆమె దగ్గరి నిప్పును దొంగిలించిన లకుముకి పిట్ట ఆ కాలపు పూర్వీకుల్లో ఒకడు. దాదాపు వందేళ్ల తర్వాత భాషాశాస్త్రవేత్త అన్వితా అబ్బికి నావో జూనియర్ అనే గ్రేట్ అండమానీ చెప్పిన కథ కూడా ఈ కోవలోదే. జిరో మితే అనే అతను చేపల వేటకు వెళ్తే పెద్ద చేప మింగేస్తుంది. అయినవాళ్లు వెతుక్కుంటూ వెళ్లి, చేప పొట్ట చీల్చి అతన్ని బయటికి తీస్తారు. చివరికి వాళ్లు పక్షులైపోతారు. మితే అడవి పావురమయ్యాడు, ఇంకొకడు సముద్రపు గద్ద అయ్యాడు. పక్షులు తమ పూర్వీకులు కాబట్టి వాటిని తినరాదన్న నమ్మకాన్ని కూడా అబ్బి నమోదు చేశారు. అంటే ఈ కథ చెప్పుకుని మరిచిపోయేది కాదు, అన్నం దగ్గర కూడా గుర్తుండేది.

మరి వాళ్లకు దయ్యాలు లేవా? ఉన్నాయి. ఉత్తర అండమాన్‌లో వాటి పేరు 'లావు'. చనిపోయినవాళ్ల ఆత్మలవి. అడవిలోనో సముద్రంలోనో తిరుగుతూ మనుషులకు జబ్బులు తెస్తాయని నమ్మకం. అయితే అందరూ వాటికి భయపడి పారిపోరు. కలలో ఆ ఆత్మలను కలిసి, వాటితో మాట్లాడగలిగినవాడు 'ఓకో-జుము' అవుతాడు. వైద్యం చేస్తాడు, గాలివానలను ఆపుతాడు. సక్యుబస్ కలలోకి వస్తే బలం పోతుంది, ఇక్కడ కలలోకి వచ్చిన ఆత్మ వల్ల బలం వస్తుంది.

రాడ్‌క్లిఫ్-బ్రౌన్ రాసిన మరో సంగతి మనల్ని కాస్త ఇబ్బంది పెడుతుంది. భారతదేశం నుంచి, బర్మా నుంచి వచ్చినవాళ్లను కూడా అండమానీలు 'లావు' అనే పిలిచేవారట. ఆ తర్వాతి కాలంలో శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్లి పోర్ట్‌బ్లెయిర్‌లో స్థిరపడిన మనవాళ్లకు కూడా ఆ లెక్కన అదే పేరు.

ఆ పేరు ఊరికే పెట్టింది కాదనిపిస్తుంది. 1858లో బ్రిటిష్ వాళ్లు పోర్ట్‌బ్లెయిర్‌లో ఖైదీల సెటిల్‌మెంట్ పెట్టారు. దాని ద్వారానే సిఫిలిస్ ద్వీపవాసులకు పాకింది. 1877లో తట్టు వ్యాపించి ఊళ్లకు ఊళ్లే ఖాళీ అయ్యాయి. మొదట్లో వేలల్లో ఉన్న గ్రేట్ అండమానీలు 1901 జనాభా లెక్కల నాటికి 625 మంది మిగిలారు. 1961లో 19 మంది. జబ్బులు తెచ్చే ఆత్మలు అన్న మాటను నమ్మకంగా కాక వార్తగా చదివినా తప్పు లేదు.

బయటివాళ్ల కల్పనల్లో మాత్రం భూతాలు వాళ్లే. మార్కో పోలో పుస్తకం ఈ ద్వీపవాసులకు కుక్క తలలు తగిలించింది. 1890లో కానన్ డాయల్ రాసిన 'ది సైన్ ఆఫ్ ఫోర్'లో టోంగా అనే అండమానీ, గొట్టంతో విషపు ముళ్లు ఊది మనుషులను చంపే వికృత జీవి. అసలు అండమానీల ఆయుధం విల్లంబులు, ఊదే గొట్టం వాళ్లకు తెలియదు. షెర్లాక్ హోమ్స్‌కు ఇది తట్టకపోవడం విచిత్రమే!

ఇప్పుడు ఆ సమాజంలో మిగిలిన కొద్దిమందిలో చాలామందికి ఇల్లు స్ట్రెయిట్ ఐలాండ్. రోజువారీ మాట హిందీ. నావో జూనియర్ 2009లో పోయారు. బో భాష మాట్లాడే చివరి మనిషి బోవా సీనియర్, సుమారు 85 ఏళ్ల వయసులో 2010 జనవరి 26న మరణించారు. తన భాష తెలిసినవాళ్లు ఎవరూ లేక చివరి రోజుల్లో ఆమె పక్షులతో మాట్లాడేవారని అబ్బి చెప్పారు. ఆమెను చూసి పాపం అనుకున్నవాళ్లు ఉన్నారు. ఆమె లెక్కలో మాత్రం ఆ మాటలు వింటున్నది తన వాళ్లే.