మూడు అక్షరాలు - ఇంటిల్లిపాది వెదుకులాట

శంషాబాద్ విమానాశ్రయంలో దిగే ప్రతి పెట్టెకు ఒక చీటీ అంటించి ఉంటుంది. దానిమీద పెద్దగా హెచ్, వై, డి అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తాయి. ఏ దేశంలో విమానం ఎక్కినా హైదరాబాదుకు గుర్తు ఇదే. 2008 మార్చికి ముందు ఈ గుర్తు బేగంపేట విమానాశ్రయానికి ఉండేది. శంషాబాదులో కొత్త విమానాశ్రయం తెరిచాక ఆ అక్షరాలూ ఇక్కడికే వచ్చాయి. బేగంపేటకు బి, పి, ఎం అనే వేరే గుర్తు ఇచ్చారు.

ప్రియ పాఠకులారా, ఈ మూడక్షరాలతో మన ఇళ్ళలో ఆడుకోదగిన ఒక ఆట ఉంది. హెచ్, వై, డి మూడూ ఉన్న ఇంగ్లీషు మాటలను వెదకాలి. అక్షరాలు అదే వరుసలో ఉండనక్కరలేదు. మధ్యలో వేరే అక్షరాలు ఎన్నైనా రావచ్చు. ఇచ్చినవాటిలో ఒక్కటి తప్పిపోయినా ఆ మాట చెల్లదు. మన అవధానాలలో నిషిద్ధాక్షరి ఉంది కదా! అక్కడ పృచ్ఛకుడు ఫలానా అక్షరం రాకూడదంటాడు. ఇక్కడ ఫలానా అక్షరాలు తప్పక రావాలంటాము. అక్షరాన్ని పట్టుకుని నడవడం బైబిలు చదివేవారికీ కొత్త కాదు. 119వ కీర్తన హెబ్రీ భాషలోని 22 అక్షరాల వరుసలో, అక్షరానికి 8 వచనాల చొప్పున, 176 వచనాలుగా సాగుతుంది.

ఈ ఆట ఎందుకు? మేము కుటుంబాలను దర్శించేటప్పుడు ఒక సంగతి తరచుగా చూస్తున్నాము. పిల్లలు ఇంగ్లీషు పుస్తకం తెరవగానే తెలుగు మీడియంలో చదివిన తల్లి మెల్లగా వంటింట్లోకి వెళ్ళిపోతుంది. "అమ్మకు రాదు" అని పిల్లలు అనేస్తారు. ఆ మాట తల్లి మనసులో ముల్లులా ఉండిపోతుంది. నిజానికి ఆమెకు ఎన్నో ఇంగ్లీషు మాటలు తెలుసు. చెవికి తెలుసు, కంటికి తెలియవు, అంతే.

ఇప్పుడు వెదకడం మొదలుపెడదాము. ముందుగా అరుదైన అక్షరాన్ని పట్టుకోవాలి. స్క్రాబుల్ అనే ఆటను రూపొందించిన ఆల్ఫ్రెడ్ బట్స్ అమెరికాలో వార్తాపత్రికలు ముందు పెట్టుకుని ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెట్టాడు. అందుకే ఆ ఆటలోని 100 బిళ్ళలలో 'ఇ' అక్షరానికి 12 ఉంటే, హెచ్, వైలకు రెండేసి మాత్రమే ఉన్నాయి. 'డి'కి నాలుగు. కనుక మనము 'వై'తో మొదలుపెట్టడం మేలు.

'వై' ఎక్కువగా మాట చివర నిలబడుతుంది. అలా చూస్తే హ్యాండీ, షేడీ, హార్డీ దొరుకుతాయి. 'డే' అనే తోక తగిలిస్తే బర్త్‌డే, హాలిడే వస్తాయి. వారంలోని ఏడు రోజులలో ఈ మూడక్షరాలూ ఉన్నది ఒక్క థర్స్‌డేలోనే. పిల్లలను పరీక్షించి చూడండి.

ఇక 'హెచ్' పక్కనే 'వై' వచ్చే మాటలు. పొలం చేసిన తాతయ్యకు హైబ్రిడ్ విత్తనం తెలుసు. ఎండాకాలంలో డాక్టరు చెప్పిన డీహైడ్రేషన్ అమ్మకు తెలుసు. హైడ్రోజన్ ఎనిమిదో తరగతి అబ్బాయికి తెలుసు. ఈ చివరి రెండింటిలోని 'హైడ్ర' గ్రీకు భాషలో నీటికి చెందిన మాట. హైడ్రోజన్ అంటే నీటిని పుట్టించేది. హైదరాబాదు పేరు అక్షరాలలో దగ్గరగా కనిపించినా దానికీ నీటికీ చుట్టరికం లేదు.

చూశారా! హైబ్రిడ్ అని తాతయ్య పలికాడు, మనవడు కాగితం మీద రాశాడు. ఒకరి చెవి, మరొకరి చేయి కలిశాయి. ఇక్కడ ఎవరూ ఎవరికీ తక్కువ కారు.

దీనివలన మరొక మేలు ఉంది. విదేశాలలో ఉన్న కొడుకునో కూతురినో చూడడానికి ఒంటరిగా విమానమెక్కే తల్లులు మన సంఘాలలో ఉన్నారు. నడుమ విమానం మారవలసిన చోట బోర్డు చూసి అడిగేందుకు తెలుగువారు ఉండకపోవచ్చు. ఇంటి దగ్గర ఆటలో పదిసార్లు రాసిన హెచ్, వై, డి అక్కడ ఆమెకు తెలిసిన ముఖంలా కనిపిస్తుంది.

హైదరాబాదు అయిపోయాక ఇతర ఊళ్ళు తీసుకోండి. విజయవాడ గుర్తు వి, జి, ఎ. అందులో విలేజ్, వెజిటబుల్ ఉన్నాయి. తిరుపతి గుర్తు టి, ఐ, ఆర్. ట్రైన్, ఫ్రూట్, షర్ట్ దొరుకుతాయి.

మా సలహా ఒక్కటే. రాత్రి భోజనమయ్యాక ఒక పావుగంట టీవీ, ఫోను పక్కన పెట్టండి. పెద్దలు మాట చెప్పాలి, చిన్నవారు రాయాలి, నిఘంటువు తీర్పు చెప్పాలి. తప్పు వచ్చినా ఎవరూ నవ్వకూడదు. మొదటి మాట మాత్రం అమ్మనే చెప్పనివ్వండి.