నెలసరికి చంద్రుడి లెక్క: ఎందుకు? ఎలా?

"పున్నమికి పీరియడ్స్ వస్తే ఒక రకం ఆడవాళ్లు, అమావాస్యకు వస్తే ఇంకో రకం అంటున్నారు. ఏ పక్షంలో వస్తే మంచిది?" ఈ ప్రశ్న ఈమధ్య తరచూ వినపడుతోంది. అడిగేవాళ్లలో తిథీ వారం పట్టని అమ్మాయిలే ఎక్కువ. జవాబు సూటిగా చెప్పాలంటే, ఏ పక్షమైనా ఒకటే. ఆకాశంలో చంద్రుడు ఎక్కడున్నాడో మీ గర్భసంచికి పట్టదు.

అలాగని చంద్రుణ్ణి పూర్తిగా పక్కన పెట్టేయనక్కర్లేదు. నెల పొడుగునా ఒంట్లో, మనసులో వచ్చే మార్పుల్ని గమనించుకోవడానికి పెరగడం, నిండటం, తరగడం అనే ఆ వరస బాగా పనికొస్తుంది. కాకపోతే లెక్క ఆకాశంలోని చంద్రుడిది కాకూడదు, మీ సొంత చంద్రుడిది కావాలి.

అసలీ రెంటికీ ముడి ఎలా పడింది?

అంకెలు అంత దగ్గరగా ఉన్నాయి మరి. అమావాస్య నుంచి అమావాస్యకు సగటున 29.53 రోజులు. నెలసరి విషయానికొస్తే, 2019లో ఆరు లక్షలకు పైగా చక్రాలను లెక్కించిన ఒక పెద్ద పరిశోధనలో సగటు 29.3 రోజులని తేలింది. ఇంత దగ్గరగా ఉన్నాక ఎవరికైనా అనుమానం రాకుండా ఉంటుందా? క్షీణచంద్రుడి రోజుల్లో ముట్టు వస్తుందని గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ రాశాడు. నెలనెలా వచ్చే ఋతువుకు చంద్రుడూ కుజుడూ కారణమని మన వరాహమిహిరుడు బృహజ్జాతకంలో చెప్పాడు. పంచాంగాల్లో ప్రథమ రజస్వల ఫలితాలంటూ తిథికీ వారానికీ నక్షత్రానికీ మంచిచెడ్డలు కట్టిన పట్టికలు ఇప్పటికీ అచ్చవుతున్నాయి. పిల్ల భయపడుతోందా, కడుపునొప్పితో ఉందా అని చూడకముందే తిథి బాగాలేదని శాంతికి పురమాయించే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఆ పట్టికలతో మనకిక్కడ పనిలేదు.

ఇప్పుడు వినపడుతున్న 'తెల్ల చంద్రుడు', 'ఎర్ర చంద్రుడు' అనే మాటలు పంచాంగంలోవి కావు. బ్రిటన్ రచయిత్రి మిరాండా గ్రే 1994లో 'రెడ్ మూన్' అనే పుస్తకం రాసింది. ఆ పుస్తకం లెక్కన అమావాస్యకు రక్తస్రావం, పున్నమికి అండం విడుదల అయితే తెల్ల చంద్రుడట. అటుది ఇటైతే ఎర్ర చంద్రుడట. చక్రంలోని నాలుగు దశలకూ కన్య, తల్లి, మాయలాడి, ముసలవ్వ అని నాలుగు రూపాలు కూడా కల్పించింది. ఈ రంగుల విభజన నాకు జాతకం చెప్పినట్టే ఉంటుంది. గుండ్రంగా ఒక చక్రం గీసుకుని రోజుకో మాట రాసుకోమన్న ఆమె సలహా మాత్రం బంగారం లాంటిది.

మరి చంద్రుడి ప్రభావం లేదని ఎలా అంటాం?

సగటు 29.3 అన్నంత మాత్రాన అందరికీ అన్నే రోజులకు వస్తుందని కాదు. పుస్తకాల్లో రాసే '28 రోజులు' కూడా ఆ పరిశోధనలో నూటికి 13 చక్రాల్లోనే కనిపించింది. ఒకరికి 25, ఒకరికి 33, ఒకే మనిషికి ఈసారి 27, మళ్లీసారి 31. పోనీ గడియారంలా 28 రోజులకే వచ్చే మనిషి ఉందనుకుందాం. చంద్రుడి కంటే ఆమె ప్రతిసారీ రోజున్నర ముందుంటుంది. ఈ నెల అమావాస్యకు వచ్చిందంటే తొమ్మిది నెలలు తిరిగేసరికి పున్నమికి వస్తుంది. అంటే అదే మనిషి ఏ మార్పూ లేకుండా 'తెల్ల' నుంచి 'ఎర్ర'కు మారిపోయిందన్నమాట! 32 రోజుల చక్రం ఉన్నావిడకు ఈ మార్పు ఆరు నెలల్లోనే జరుగుతుంది.

పాడి ఉన్న ఇళ్లవాళ్లకు ఇంకో విషయం తెలుసు. గేదె ఇరవయ్యొక్క రోజులకు ఎదకొస్తుంది. దాని మీదా ఈ చంద్రుడి వెన్నెలే పడుతోంది కదా.

నెలసరి యాప్ క్లూ వాళ్లు 75 లక్షల చక్రాలను చంద్రకళలతో సరిపోల్చి చూశారు. సంబంధమేదీ కనపడలేదు. అయితే 2021లో 'సైన్స్ అడ్వాన్సెస్' పత్రికలో వచ్చిన ఒక పరిశోధన కాస్త భిన్నంగా మాట్లాడింది. ఏళ్ల తరబడి తేదీలు రాసిపెట్టుకున్న 22 మంది మహిళల లెక్కలు చూస్తే, కొందరికి జీవితంలో కొంతకాలం పాటు చంద్రుడితో అడుగు కలిసింది, మళ్లీ విడిపోయింది. వయసు పెరగడం, రాత్రిళ్లు కరెంటు వెలుతురు ఎక్కువవడం అందుకు కారణం కావచ్చని ఆ శాస్త్రవేత్తలు అనుమానించారు. ఆసక్తికరమైన సంగతే. కానీ ఆ 22 మందిని పట్టుకుని 'పూర్వం ఆడవాళ్లందరికీ అమావాస్యకే వచ్చేది, కరెంటొచ్చి చెడగొట్టింది' అని పాఠాలు చెప్పేవాళ్లను నమ్మకండి.

కారణం కానప్పుడు ఆ గుర్తు ఎందుకు?

అంకెల వరసలో మనిషి కనపడదు. 'ఇరవై అయిదో రోజు' అంటే మనసుకు ఏమీ తోచదు. అదే 'నాకివాళ బహుళ నవమి' అనుకుంటే, తరుగుతున్నాననీ, అమావాస్య ఇంకో ఆరు రోజులుందనీ, మళ్లీ పాడ్యమి వస్తుందనీ ఒక్కమాటలో తెలిసిపోతుంది. తెలుగు ఆడవాళ్లకు తిథులు నేర్పనక్కర్లేదు. గోడ క్యాలెండర్లో గ్యాస్ బండ మార్చిన తేదీ పక్కనే, పాల లెక్క పక్కనే, ఎవరూ అడగని ఒక చిన్న సున్నా ఉంటుంది. అదేమిటో ఆ ఇంటావిడకే తెలుసు. ఆ సున్నా ఎప్పుడొచ్చిందన్నది చెబుతుంది, మధ్య రోజులు ఎలా గడిచాయన్నది చెప్పదు. చక్రం ఉన్నది ఆ మధ్య రోజుల కోసం.

ఎలా గీసుకోవాలి?

నోటుబుక్కు పేజీలో గిన్నె బోర్లించి గుండ్రం గీయండి. చుట్టూ ముప్పై గళ్లు, పక్కన మరో నాలుగైదుకు చోటు. మరకలు కనపడిన రోజు కాదు, ప్యాడ్ అవసరమైన రోజు మీ అమావాస్య. ఆ రోజు ఆకాశంలో దశమే ఉండనివ్వండి, నిండు పున్నమే ఉండనివ్వండి. మర్నాడు మీ శుద్ధ పాడ్యమి. ఇలా వస్తే పదహారో రోజు మీ పున్నమి. ఇందాకటి పెద్ద పరిశోధనలో అండం విడుదలకు ముందు భాగం సగటున 16.9 రోజులు, తర్వాత భాగం 12.4 రోజులు. కాబట్టి ఈ పోలిక బొత్తిగా నేల విడిచిన సాము కాదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. రెండు పక్షాలూ సమానంగా సాగవు. నెలసరి ఆలస్యమైందంటే చాలాసార్లు సాగింది శుక్లపక్షమే. నిద్రలేమి, జ్వరం, పరీక్షలు, పీసీఓడీ, ఏదైనా అండం విడుదలను వెనక్కి నెట్టగలదు. ఆ తర్వాతి పక్షం అంతగా మారదు. అందుకే మీ పున్నమి ఎప్పుడో ముందుగా గట్టిగా చెప్పలేం. తర్వాతి అమావాస్య వచ్చాక వెనక్కి పన్నెండు నుంచి పద్నాలుగు రోజులు లెక్కపెట్టుకుంటే సుమారుగా తేలుతుంది. గర్భం రాకుండా జాగ్రత్తపడటానికి ఈ చక్రాన్ని నమ్ముకోవద్దు అనేది కూడా ఇందుకే. ఇన్ని రోజులకే రావాలన్న పట్టుదల మాత్రం అక్కర్లేదు. పంచాంగంలో ఒక తిథి ఇరవై గంటలకే అయిపోతే మరొకటి ఇరవై ఆరు గంటలు నడుస్తుంది. ఆ చంద్రుడికే లేని నియమం మీ ఒంటికి ఎందుకు?

రోజూ రాత్రి మూడు నాలుగు మాటలు చాలు. 'నిద్ర పట్టలేదు.' 'ఆవకాయ అన్నం రెండుసార్లు తిన్నా.' 'దోసెలు పోస్తూ ఏడ్చా.' 'మావయ్యగారి బీపీ మందు మర్చిపోయా.' రాసేటప్పుడు ఏ దశకు ఏ స్వభావమో చెప్పే పుస్తకాలు తెరవకండి. బహుళంలో కోపం వస్తుందని ముందే చదివితే, వచ్చిన కోపాలన్నీ అక్కడే కనపడతాయి. ముందు రాయండి, మూడు చక్రాలయ్యాక పక్కపక్కన పెట్టి చూడండి. దోసెల దగ్గర ఏడుపు మూడుసార్లూ మీ బహుళ దశమి చుట్టుపక్కలే ఉంటే అందులో హార్మోన్ల పాలు ఉండొచ్చు. అలాకాక ప్రతి ఇంగ్లీషు నెలా అయిదో తారీఖు లోపే ఉంటే, అది ఇంటి అద్దెదో చీటీ డబ్బులదో అయి ఉంటుంది. ఆ నేరం చంద్రుడి మీదా వెయ్యొద్దు, ఒంటి మీదా వెయ్యొద్దు.

శుక్లపక్షం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. చాలామందికి అప్పుడు ఒళ్లు తేలిగ్గా ఉంటుంది, పనులు వాటంతటవే అయిపోతాయి. పున్నమి రోజుల్లో పల్చగా, సాగినట్టుండే తెల్లబట్ట కనపడితే రాసుకోండి. పేచీ అంతా బహుళంతోనే. ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్ రెండూ పడిపోయే ఆ చివరి రోజుల్లో రొమ్ములు సలుపుతాయి, కడుపు ఉబ్బుతుంది, పున్నమికి నవ్వి ఊరుకున్న మాట గుచ్చుకుంటుంది. "డేట్ దగ్గరకొచ్చింది, అందుకే ఇలా మాట్లాడుతోంది" అని ఇంట్లోవాళ్లు కొట్టిపారేస్తారు. ఒక్కోసారి మనమూ అదే అనుకుంటాం. ఇక్కడే చక్రం అక్కరకొస్తుంది. బహుళంలో వచ్చిన ఫిర్యాదును ఉన్నదున్నట్టు రాసి పెట్టండి. మీ శుద్ధ పంచమి నాడు, ఒళ్లు తేలికపడ్డాక మళ్లీ చదవండి. అప్పుడూ నిజమే అనిపిస్తే అది హార్మోన్ల గోల కాదు, మాట్లాడి తేల్చుకోవలసిన విషయం. ఆ రోజే మాట్లాడండి.

అమావాస్య అనడానికే మనసొప్పకపోతే?

మిరాండా గ్రే పాఠకులకు లేని చిక్కు ఇది. మనకు అమావాస్య అంటే మంచిరోజు కాదు, ప్రయాణం పెట్టుకోం, కొత్త పని మొదలెట్టం. అసలే ముట్టును మైల అన్న సమాజంలో, మళ్లీ ఆ రోజులకు అమావాస్య అని పేరు పెట్టడం పుండు మీద కారం చల్లినట్టు ఉందని ఎవరైనా అంటే నేను కాదనను. అయితే దీపావళి వచ్చేదీ అమావాస్యకే. ఇంకో సంగతి, ఆ రోజు చంద్రుడి సగం ఎప్పటిలాగే ఎండలో వెలుగుతూనే ఉంటుంది. వెలిగే వైపు మనకు కనపడదు, అంతే. అయినా మనసొప్పకపోతే మొదటి రోజుకు పున్నమి అని పేరు పెట్టుకుని లెక్క తిప్పేసుకోండి. చంద్రుడే అక్కర్లేదనుకున్నా ఫర్వాలేదు. ఒడిశాలో రజ పండుగకు భూదేవి ముట్టయిందని మూడు రోజులు నాగలి కట్టరు, ఆడపిల్లలు ఉయ్యాలలూగుతారు. ఆ పండుగ వచ్చేది సూర్యుడి లెక్కన, మిథున సంక్రాంతికి.

దేన్ని మాత్రం చంద్రుడికి వదిలేయకూడదు?

గంటకో ప్యాడ్ మార్చాల్సి రావడం, ఎనిమిది రోజులు దాటినా ఆగకపోవడం, తరచూ 21 రోజుల లోపే రావడం లేదా 35 దాటిపోవడం, గర్భం లేకుండానే మూడు నెలలు రాకపోవడం, మంచం దిగనివ్వని నొప్పి, ముట్లుడిగి ఏడాది దాటాక మళ్లీ రక్తం కనపడటం: ఇవి చక్రంలో రాసుకుని ధ్యానించే సంగతులు కావు, డాక్టరుకు చూపించాల్సినవి. ప్రతి బహుళంలోనూ బతకాలనిపించనంత దిగులు వస్తుంటే అది పీఎండీడీ అనే జబ్బు కావచ్చు, మందులున్నాయి. ఆ దిగులు మరీ ముంచుకొస్తే అమావాస్య దాకా ఆగకుండా ఆ రోజే ఎవరికైనా చెప్పండి. డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు ఆ మూడు చక్రాల కాగితాలూ వెంట తీసుకెళ్లండి. 'ఎప్పుడు మొదలైంది, ఎన్ని రోజులుంది' అన్న ప్రశ్నలకు తడుముకోకుండా జవాబు దొరుకుతుంది.

ముట్టు రానివాళ్ల సంగతేంటి?

గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లలో సాధారణంగా అండం విడుదల కాదు. మాత్రల మధ్య విరామంలో వచ్చే రక్తస్రావాన్ని చూసి పున్నమి వెతుక్కోనక్కర్లేదు. ఇక గర్భసంచి తీయించుకున్నవాళ్లు. ఈ ఆపరేషన్లు దేశంలో ఎక్కువగా జరిగిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందు వరసలో ఉన్నాయి. చేయించుకున్నవాళ్లలో చాలామంది నలభై దాటనివాళ్లే. అండాశయాలు ఉంచితే, ముట్లుడిగే వయసు వచ్చేదాకా చాలామందిలో హార్మోన్ల ఎగుడుదిగుళ్లు సాగుతూనే ఉంటాయి. రక్తస్రావం లేదు కాబట్టి అమావాస్య ఏ రోజో తెలియదు, అంతే. ఊరికే చిరాకేస్తోంది, రొమ్ములు సలుపుతున్నాయి, 'నాకింకా ఇదేంటి' అని వాళ్లు కంగారుపడుతుంటారు. వాళ్లకు ఆకాశంలోని చంద్రుడే పనికొస్తాడు, కారణంగా కాదు, క్యాలెండరుగా. ఏదో ఒక అమావాస్య నుంచి రాయడం మొదలుపెట్టి, సలుపు వచ్చి తగ్గిపోయిన రోజుల్ని గుర్తు పెట్టుకుంటూ పోతే నాలుగైదు చక్రాల్లో తమ వరస తమకు దొరకొచ్చు. దొరికిన రోజు నుంచి ఆకాశాన్ని వదిలేసి, ఆ సలుపు తగ్గిన మర్నాడే తమ పాడ్యమి అని లెక్క మార్చుకోవచ్చు.