1940లో పాండిచ్చేరి గవర్నరు మరో మాట చెప్పి ఉంటే యానాం ఏమై ఉండేది?

సుమారు 30 చదరపు కిలోమీటర్ల యానాం చుట్టూ ఉన్నది ఆంధ్రప్రదేశ్ నేల, పాలన మాత్రం వందల కిలోమీటర్ల దూరంలోని పుదుచ్చేరిది. ఎందుకిలా అని పిల్లలు అడిగితే, ఫ్రెంచివారి కాలం నుంచీ ఇంతేనని పెద్దలు చెబుతారు. అది నిజమే. అయితే 1940 వేసవిలో ఈ గీత చెరిగిపోగల సమయం ఒకటి వచ్చి వెళ్ళిందన్న సంగతి తెలిసినవారు తక్కువ.

1940 జూన్ 22న ఫ్రాన్స్ జర్మనీతో యుద్ధవిరమణ ఒడంబడికపై సంతకం చేసింది. తరువాత విషీ అనే పట్టణం కేంద్రంగా మార్షల్ పేతాఁ ప్రభుత్వం ఏర్పడి హిట్లరుతో సర్దుకుపోయే దారి పట్టింది. అంతకు నాలుగు రోజుల ముందే, జూన్ 18న, జనరల్ డిగాల్ లండను రేడియో నుంచి పోరాటం ఆపవద్దని పిలుపునిచ్చారు. దీనితో ఫ్రాన్స్ వలసలన్నింటా గవర్నర్ల ముందు ఒకే ప్రశ్న నిలిచింది: విధేయత ఎవరికి? పైగా జూలై 3న బ్రిటిషు నౌకాదళం అల్జీరియా తీరాన మెర్సెల్ కెబీర్ రేవులో ఫ్రెంచి నౌకలపై కాల్పులు జరిపి దాదాపు 1,300 మంది నావికులను బలిగొన్నది. ఆ తరువాత బ్రిటిషువారి పక్షాన నిలవడం ఏ ఫ్రెంచి అధికారికైనా మింగుడుపడే విషయం కాదు.

ఒక్కొక్కరు ఒక్కొక్క దారి పట్టారు. ఆఫ్రికాలోని చాద్ గవర్నరు, నల్లజాతివాడైన ఫెలిక్స్ ఎబూయే, ఆగస్టులో డిగాల్ పక్షం చేరాడు. ఇండోచైనాలో డెకూ విషీకి కట్టుబడ్డాడు. సెప్టెంబరులోనే అక్కడ జపాను సైన్యం అడుగుపెట్టింది. అదే సెప్టెంబరులో పాండిచ్చేరి గవర్నరు లూయీ బొన్వే డిగాల్ పక్షమని ప్రకటించాడు. ఆ ఒక్క మాటతో పాండిచ్చేరి, కారైక్కాల్, మాహే, చంద్రనగరు, యానాం, ఈ ఐదూ మిత్రరాజ్యాల పక్షాన చేరిపోయాయి. యానాం జనాన్ని ఎవరూ అడిగినది లేదు. వలస పాలనలో అడిగే ఆచారం లేదు.

ఆయన విషీ వైపు మొగ్గి ఉంటే? కొన్నాళ్ళపాటు యానాం కచేరీ కాగితాలపై స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం అన్న మాటలకు బదులు విషీ వారి శ్రమ, కుటుంబం, మాతృభూమి అన్న మాటలు కనిపించి ఉండేవేమో. అయితే అది ఎక్కువ కాలం సాగేది కాదు. 1814 నాటి పారిస్ సంధి ప్రకారం ఇండియాలోని స్థావరాలలో ఫ్రెంచివారు కోటలు కట్టరాదు. శాంతిభద్రతలకు కావలసినంత మేరకే సిపాయిలను ఉంచుకోవాలి. యానామును స్వాధీనం చేసుకోవడానికి దండయాత్ర అక్కరలేదు, కాకినాడ నుంచి కొన్ని లారీల పోలీసులు చాలు. విషీ చేతిలో ఉన్న సిరియాపై 1941లో, మడగాస్కరుపై 1942లో బ్రిటిషువారు సైన్యాలను నడిపారు. సిరియాలో పోరాడినవారిలో భారతీయ సిపాయిలూ ఉన్నారు. అంత దూరాలకు వెళ్ళినవారు గుమ్మం ముందున్న యానామును వదిలేవారా? 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేశాయి. జపానుకు చోటిచ్చిన ప్రభుత్వపు జెండాను ఆ తీరాన ఎగరనివ్వడం ఊహకు అందని విషయం.

చిక్కు ప్రశ్న ఆ తరువాతది. ఒకసారి పట్టుకున్న యానామును బ్రిటిషువారు తిరిగి ఇచ్చేవారా? ఇవ్వరని, 1947లో అది గోదావరి జిల్లాలో భాగంగానే స్వాతంత్ర్యం పొంది ఉండేదని వాదించవచ్చు. వినడానికి బాగున్నా, జరిగిన చరిత్ర ఈ వాదానికి బలమివ్వదు. 1793లో పట్టుకున్న ఫ్రెంచి స్థావరాలను నెపోలియను యుద్ధాలు ముగిశాక బ్రిటిషువారు తిరిగి అప్పగించారు. మడగాస్కరును సైతం తమ వద్ద ఉంచుకోక డిగాల్ మనుషులకే ఇచ్చారు. యుద్ధానంతర ఐరోపాలో బలమైన ఫ్రాన్స్ వారికి అవసరం. అందుచేత యానాం కొన్ని నెలలో, కొన్నేళ్ళో బ్రిటిషు చేతిలో ఉండి మళ్ళీ ఫ్రెంచివారికే చేరి ఉండేదనడమే సమంజసం.

బొన్వే నిర్ణయం వల్ల కలిగిన ఫలితం వేరు. ఫ్రాన్స్ తన భారత స్థావరాలను యుద్ధమంతా చేజారనీయక విజేతల వరుసలో నిలిచింది. నాజీల నుంచి స్వేచ్ఛ కోరిన ఆ ఫ్రాన్సే 1944 నాటి బ్రజావిల్ సమావేశంలో వలసలకు స్వపరిపాలన అన్న ఆలోచనను త్రోసిపుచ్చింది. 1947లో చుట్టూ త్రివర్ణ పతాకం ఎగిరినా యానాములో ఫ్రెంచి జెండా దిగకపోవడానికి ఇదొక కారణం. చివరకు 1954 జూన్ 13న యానాం విమోచన యోధుల వశమైంది. అక్టోబరు 18న కీళూరులో ఓటువేసిన 178 మంది ప్రతినిధులలో 170 మంది భారతదేశంలో విలీనాన్ని కోరారు; నవంబరు 1న పాలన చేతులు మారింది.

బలవంతాన లాక్కున్న భూమి కాక ఇద్దరు మిత్రుల నడుమ ఒప్పందంగా ముగిసినందువల్లనే 1956 మే 28 నాటి సంధిలో పలు రక్షణలు చేరాయి. 1962 ఆగస్టు 16న అది అమలులోకి వచ్చినప్పుడు, కోరుకున్నవారికి ఫ్రెంచి పౌరసత్వం ఎంచుకొనేందుకు ఆరు నెలల గడువు దొరికింది. ఈ స్థావరాల ప్రత్యేక పాలనా ప్రతిపత్తిని మార్చదలిస్తే ముందుగా ప్రజల అభీష్టాన్ని తెలుసుకోవాలన్న నిబంధన కూడా అందులోనిదే. యానామును పొరుగు జిల్లాలో కలపాలన్న మాట ఎప్పుడు వచ్చినా మొదట తెరచి చూడవలసిన పుట అది.